గొట్టానికో చోటు

హార్మోనియం పైపలక తీసి లోపలికి తొంగిచూసినవాళ్లకు ఒక సంగతి చప్పున బోధపడుతుంది. మూడున్నర ఆక్టేవుల పెట్టెలో 42 మెట్లుంటే, ప్రతి మెట్టుకూ సొంత రీడు ఉంటుంది. డబుల్ రీడ్ పెట్టె అయితే రెండేసి. ఆ ఇత్తడి రీడు ఎక్కడ బిగించి ఉందో స్వరం అక్కడే పుడుతుంది. మంద్రస్థాయి ఎడమ చివర, తారస్థాయి కుడి చివర. వాయించేవారికి ఎదురుగా కూర్చుంటే పాట పెట్టె పొడవునా పరుచుకుని వస్తుంది. అదే పాటను ఫోన్‌లో రికార్డు చేసి వినండి. స్వరాలన్నీ ఉంటాయి, శ్రుతీ ఉంటుంది, ఆ పరుచుకోవడం మాత్రం ఉండదు. అన్ని రీడ్లూ ఒకే కంతలోంచి తోసుకుంటూ బయటికొస్తున్నట్టుంటుంది.

పెట్టె హార్మోనియానికే ఇంత తేడా కనిపిస్తే, వేల గొట్టాలున్న పైప్ ఆర్గాన్ సంగతి వేరే చెప్పాలా? ఆ వాద్యాన్ని కంప్యూటర్‌లో పెట్టి ఇంట్లో వాయించుకునే డిజిటల్ ఆర్గాన్‌కు స్పీకర్లు ఎన్ని ఉండాలి, ఎక్కడ పెట్టాలి, ఏ గొట్టం శబ్దాన్ని ఏ స్పీకర్‌కు పంపాలి అన్నది ఒక శాస్త్రం, అంతకంటే ఎక్కువగా ఒక చేతిపని. నేను చూసిన ధ్వని పనుల్లో ఇంత ఓపిక, ఇంత సూక్ష్మం ఉన్నది మరొకటి లేదు.

ఇల్లందులో కూర్చుని పైప్ ఆర్గాన్ గురించి రాయడమేమిటని ఎవరైనా అడగవచ్చు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఈ చుట్టుపక్కల బొగ్గు జాడ పట్టుకున్నాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది, 1889లో ఇక్కడ తవ్వకం మొదలైంది. బొగ్గు కోసం రైలు వచ్చింది, రైలెక్కి నానా దేశాల మనుషులు వచ్చారు, వాళ్ల వెంట వాళ్ల పాటలూ వచ్చాయి. మనకు దగ్గర్లోని డోర్నకల్‌లో 1939లో ప్రతిష్ఠ జరిగిన కెథడ్రల్ ఉంది. దాన్ని కట్టించిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయినవాడు. గుమ్మటాలూ మండపస్తంభాలూ కలిపి గుడి కట్టించినట్టే, ఆరాధనలో తెలుగు రాగాలకూ చోటిచ్చాడు. ఈ ప్రాంతపు చర్చిల్లో పాటకు తోడు హార్మోనియం, తబలా. ఇప్పుడు కీబోర్డు, ప్యాడ్ కూడా. ఆ కీబోర్డులో ‘చర్చ్ ఆర్గాన్’ అని ఒక మీట ఉంటుంది. ఆదివారం ఆ మీట నొక్కి వాయించే కుర్రాళ్లలో ఒకరిద్దరికైనా అసలు వాద్యం ఎలా ఉంటుందోనన్న ఆశ పుడుతుంది. ఈ వ్యాసం వాళ్ల కోసం.

నిజమైన గొట్టాల ఆర్గాన్‌ను ఇల్లందులో నిలబెట్టడం తేలిక కాదు. గొట్టంలో గాలి వేడెక్కితే శ్రుతి పెరుగుతుంది. చలికాలం ఉదయం 20 డిగ్రీల దగ్గర శ్రుతి చేసిన గొట్టం వేసవిలో 40 డిగ్రీలకు చేరితే, పక్క మెట్టు దాకా ఉన్న దూరంలో సగానికి పైగా పైకి జరిగిపోతుంది. నాలుక ఉన్న గొట్టాలు అంతగా జరగవు. దాంతో ఒకే వాద్యంలో రెండు శ్రుతులు పోట్లాడుకుంటాయి. చెదలు, తేమ, తోలు పగుళ్లు, ధూళి వీటికి తోడు. ధూళి ఎంత పని చేస్తుందో న్యూయార్క్‌లోని ట్రినిటీ చర్చి వాళ్లకు తెలుసు. 2001 సెప్టెంబర్ 11న కూలిన భవనాల దుమ్ము వాళ్ల పైప్ ఆర్గాన్‌ను పాడుచేస్తే, 2003లో మార్షల్ అండ్ ఓగల్‌ట్రీ అనే సంస్థ చేసిన డిజిటల్ ఆర్గాన్ దాని స్థానంలోకి వచ్చింది. అంత పెద్ద ఆలయంలో అంత పేరున్న గాయకబృందం దానితో పాడింది. డిజిటల్ అంటే బొమ్మ వాద్యమనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఒక్క స్పీకర్‌తో ఆర్గాన్ పని జరగదని మొట్టమొదట పట్టుకున్నవాళ్లలో డాన్ లెస్లీ ఒకడు. లారెన్స్ హామండ్ 1935లో తన విద్యుత్ ఆర్గాన్‌ను మార్కెట్లోకి తెచ్చాడు. పళ్లున్న ఇనుప చక్రాలు అయస్కాంతాల ముందు తిరుగుతూ స్వరాలు పుట్టించే గొప్ప యంత్రం అది. లెస్లీ 1937లో ఒకటి కొన్నాడు. పెద్ద హాలులో నిండుగా పలికిన ఆ వాద్యం ఇంట్లో చప్పబడిపోయింది. లోపం వాద్యంలో లేదని, శబ్దం ఒకేచోట నుంచి కదలకుండా రావడంలో ఉందని అతను గ్రహించాడు. గొట్టాల ఆర్గాన్‌లో ప్రతి స్వరం వేరే చోట నుంచి వస్తుంది. మరి ఇంట్లో అన్ని చోట్లు ఎక్కడివి? చోటునే తిప్పితే సరి అనుకున్నాడు.

1941 నాటికి అతని పెట్టె అమ్మకానికి వచ్చింది. తరవాత ప్రసిద్ధమైన 122 మోడల్‌ను వెనక తలుపు తీసి చూస్తే ఆ పనితనం ముచ్చటేస్తుంది. నడుమెత్తు దాటిన చెక్క బీరువా, చుట్టూ గాలి సందుల పలకలు. లోపల మూడు అంతస్తులు. పై అంతస్తులో రెండు నోళ్ల కొమ్ము గిరగిర తిరుగుతుంది. రెండు నోళ్లలో ఒకదాంట్లోంచే శబ్దం వస్తుంది. రెండోది ఉత్తిదే, బరువు సమంగా ఉండి కొమ్ము ఊగకుండా ఉండటానికి పెట్టింది. నడిమి అంతస్తులో 15 అంగుళాల స్పీకర్ నేలచూపు చూస్తూ ఉంటుంది. దాని కింద ఒక పక్క తొలిచిన పీపా తిరుగుతూ మంద్ర శబ్దాన్ని చుట్టూ చిమ్ముతుంది. 800 హెర్ట్జ్ దగ్గర శబ్దం రెండుగా చీలి, పైది కొమ్ముకు, కిందది పీపాకు పోతుంది. రెండూ ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయి. కొమ్ము తేలిక కనుక మీట వేయగానే వేగం అందుకుంటుంది, పీపా బరువు కనుక నింపాదిగా అందుకుంటుంది. ఆ నడుమ కొద్ది సెకన్లు, పైస్వరాలు పరుగెడుతూ కిందిస్వరాలు ఇంకా నడుస్తూ ఉన్న ఆ ఘడియ, ఏ లెక్కతోనూ ముందే ఊహించి పెట్టినది కాదు, చెక్క, బెల్టు, మోటారు బరువుల్లోంచి వచ్చిన అందం. హామండ్‌కు ఈ పెట్టె నచ్చలేదు. కొననన్నాడు. లెస్లీ తానే కంపెనీ పెట్టి అమ్ముకున్నాడు. హామండ్ వాయించేవాళ్లు మాత్రం లెస్లీ పెట్టె లేకుండా కూర్చోవడం మానేశారు.

స్వరం పుట్టించే పద్ధతీ మారింది. 1971లో అమెరికాలోని అలెన్ కంపెనీ డిజిటల్ పద్ధతిలో ధ్వని పుట్టించే ఆర్గాన్‌ను అమ్మకానికి తెచ్చింది. 2002లో మార్టిన్ డైడ్ హాప్ట్‌వెర్క్ అనే సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేశాక ఆ విద్య ఇంటి కంప్యూటర్‌లోకి దిగింది. డబ్బు పెట్టలేనివాళ్లకు గ్రాండ్‌ఓర్గ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. వీటిలోకి వేసుకునే ఆర్గాన్లను తయారుచేసేవాళ్ల శ్రద్ధ చూడండి. రాత్రిపూట ఊరు మాటుమణిగాక చర్చిలో మైకులు పెట్టి, ఒక్కో గొట్టాన్ని విడివిడిగా పలికిస్తారు. గొట్టం నోరు విప్పేటప్పటి చిన్న ఉసురు, నిలిచిన స్వరం, మెట్టు వదిలాక గోడల మధ్య తిరిగి తిరిగి ఆరిపోయే తోక, అన్నీ వేర్వేరుగా పట్టుకుంటారు. చటుక్కున వదిలితే ఆరే తీరు వేరు, నిలిపి వదిలితే ఆరే తీరు వేరు కనుక తోకలు కూడా రెండు మూడు రకాలు తీసుకుంటారు. చెక్ దేశపు సొనుస్ పారదీసీ వాళ్లు ఫ్రాన్స్‌లోని కాఁ పట్టణపు సెంట్ ఎటియెన్ ఆలయంలో 1885 నాటి కవాయే కోల్ ఆర్గాన్‌ను ఇలాగే పట్టుకొచ్చారు. పోలెండ్‌కు చెందిన పియోత్ర్ గ్రాబోవ్‌స్కీ ఆస్ట్రియాలోని ఫ్రీసాఖ్ ఆర్గాన్‌ను ఉచితంగానే ఇస్తున్నాడు. ఇల్లందులో ఓ లాప్‌టాప్, ఓ మిడీ కీబోర్డు ఉంటే మొదలుపెట్టడానికి అది చాలు.

స్పీకర్లు ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సిన మొదటి మాట ఇక్కడే ఉంది. రికార్డింగులో ఆలయపు మారుమోత కలిసే ఉందా, లేక మైకు గొట్టం దగ్గర పెట్టి పొడిగా పట్టిందా? మారుమోత కలిసిన దానికి స్పీకర్లు ఎక్కువైతే చెడుతుంది. గొట్టాలు ఎడమ కుడి ఎక్కడున్నాయో ఆ రికార్డింగులోనే రాసి ఉంటుంది కాబట్టి మంచి జత ఒకటి ముందు, ఆలయం వెనక భాగంలో పట్టిన శబ్దం కోసం మరో జత వెనక పెడితే సరిపోతుంది. పొడి రికార్డింగు అయితే కథ మారుతుంది. అక్కడ గొట్టానికి చోటిచ్చే బాధ్యత మొత్తం మనదే. నిజమైన బహుళ చానళ్ల పని అదే.

చోటు ఎందుకు అంత ముఖ్యం? నాలుగు వేళ్లతో నాలుగు మెట్లు నొక్కి, పది స్టాపులు, అంటే ఒక్కో గొట్టాల వరుసను పలికించే మీటలు, లాగి ఉంచితే, 40 గొట్టాలు ఒకేసారి పలుకుతాయి. ఒక్క మెట్టుకే నాలుగైదు సన్నని గొట్టాలు మోగే మిక్స్చర్ స్టాపు అందులో ఉంటే ఇంకా ఎక్కువ. ఆలయంలో అవన్నీ గాలిలో కలుస్తాయి. ఒక్క స్పీకర్‌కు పంపితే, కలయిక కాగితపు కోన్ మీదే జరిగిపోతుంది. కోన్‌కు నిలబడే చోటు ఒక్కటే, ఒక క్షణంలో ముందుకో వెనక్కో ఒక్కటే దిక్కు. మంద్రస్వరానికి కోన్ మిల్లీమీటర్ల కొద్దీ ఊగుతుంటే దానిమీదే స్వారీ చేస్తున్న వేణుస్వరం వణుకుతుంది, అసలు వాద్యంలో లేని కొత్త ధ్వనులు పుడతాయి. సెలెస్ట్ అనే స్టాపు దీనికి మంచి పరీక్ష. రెండు వరుసల గొట్టాలను కావాలనే వెంట్రుకవాసి తేడాతో శ్రుతి చేస్తారు. వేరు వేరు చోట్ల నుంచి వస్తే ఆ తేడా అలలా మెదులుతుంది, తల కొద్దిగా తిప్పినా కొత్తగా వినిపిస్తుంది. రెండు వరుసలూ ఒకే కోన్‌లోంచి వస్తే, శబ్దాన్ని ఎవరో లెక్కగా పెంచి తగ్గిస్తున్నట్టు ఉంటుంది. స్పీకర్ ఎంత ఖరీదైనదైనా ఈ తేడా పోదు. గొప్ప గొంతు ఉన్న ఒక్కడు పదిమంది భజన బృందానికి సాటి రానట్టే.

పాత ఆర్గాన్లు కట్టినవాళ్లు ఒక వరుసలోని గొట్టాలను వరసగా నిలబెట్టరు. ఒకటి ఎడమకు, తర్వాతది కుడికి, మళ్లీ ఎడమకు పెడతారు. బరువు రెండువైపులా సమంగా పడుతుంది, చూపుకు అందం, పక్కపక్క స్వరాలు ఒకదాన్నొకటి లాగవు. డిజిటల్ ఆర్గాన్ వాళ్లు స్పీకర్లకు స్వరాలు పంచేటప్పుడు ఇదే మర్యాద పాటిస్తారు. మన స్వరాల్లో చెప్పుకుంటే షడ్జమం, చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, ప్రతి మధ్యమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం ఒకవైపు; శుద్ధ రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదం రెండోవైపు. ఇప్పుడు సంగీతం నేర్చుకునే ప్రతి పిల్లా మొదట పాడే మాయామాళవగౌళ సరళీ వరుసను ఈ పంపకం మీద వాయించి చూడండి. స ఎడమ, రి కుడి, గ ఎడమ, మ కుడి, ప కుడి, ద ఎడమ, ని కుడి, మళ్లీ స ఎడమ. మ నుంచి ప దగ్గర తప్ప ప్రతి అడుగుకూ స్వరం వైపు మారుతుంది. అదే శంకరాభరణం వాయిస్తే స, రి, గ మూడూ ఎడమే. మ, ప, ద, ని నాలుగూ కుడే. పాట సగం ఒక మూలన, సగం ఇంకో మూలన గుంపుకట్టేస్తుంది.

అందుకే రెండు స్పీకర్ల పంపకంతో తృప్తిపడక, ఒక్కో వరుసను నాలుగు స్పీకర్ల మీద తిప్పేవాళ్లున్నారు. స ఒకటో స్పీకర్, శుద్ధ రిషభం రెండు, చతుశ్రుతి రిషభం మూడు, సాధారణ గాంధారం నాలుగు, అంతర గాంధారం మళ్లీ ఒకటి. ఈ లెక్కలో శంకరాభరణం ఒకటి, మూడు, ఒకటి, రెండు, నాలుగు, రెండు, నాలుగు, ఒకటి అని నడుస్తుంది. ఏ రెండు పక్క స్వరాలూ ఒకే చోట పడవు. హాప్ట్‌వెర్క్ లాంటి సాఫ్ట్‌వేర్లలో వరుస వరుసకూ ఏ స్పీకర్ గుంపుకు పోవాలో రాసుకోవచ్చు. గ్రాండ్‌ఓర్గ్‌లో అయితే గొట్టం గొట్టానికీ విడిగా రాసుకునే వీలుంది. ఓపికున్నవాడికి ఇంతకంటే ఏం కావాలి? నా ఉద్దేశంలో ఆర్గాన్ అసలు గొంతైన ప్రిన్సిపల్ వరుసలు ఒక గుంపుకు, వేణువులు మరో గుంపుకు ఇవ్వాలి. సెలెస్ట్ జంటలో ఒకటి ఇటు, ఒకటి అటు. మిక్స్చర్‌ను మాత్రం ట్రంపెట్ లాంటి నాలుక గొట్టాలతో ఎప్పుడూ కలపకూడదు. కలిపితే చెవిలో ఇసుక పోసినట్టుంటుంది.

ఇక కిందిస్వరాలు. పదహారడుగుల గొట్టం పలికే అట్టడుగు స్వరం, మన లెక్కలో షడ్జమం, 32.7 హెర్ట్జ్. ముప్పై రెండడుగులది 16 హెర్ట్జ్ పైచిలుకు. అది చెవికంటే ముందు ఛాతీకి తెలుస్తుంది. ఒక ఆక్టేవు కిందికి దిగి అంతే బలంగా పలకాలంటే కోన్ నాలుగింతలు ఊగాలి, రెండు ఆక్టేవులు దిగితే పదహారింతలు. ఐదంగుళాల స్టూడియో స్పీకర్లు 50 హెర్ట్జ్ దగ్గరే చేతులెత్తేస్తాయి. కనుక సబ్ వూఫర్ తప్పదు. పెళ్లి ఊరేగింపుల్లో వాడే బేస్ బాక్సులు దీనికి పనికిరావు. అవి దరువు కోసం చేసినవి, 50 హెర్ట్జ్‌కు పైన గుద్దుతాయి, కింద ఏమీ ఉండదు. ఆర్గాన్‌కు కావాల్సింది గుద్దు కాదు, నిలకడ. నలువైపులా మూసిన పెట్టె, లోపల అడ్డపట్టీలు, కనీసం 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్. మన వానాకాలానికి రంపపు పొట్టు పలకలు ఉబ్బుతాయి, వాటి జోలికి పోవద్దు. స్పీకర్ అంచు ఫోమ్ అయితే ఈ ఎండకూ తేమకూ కొన్నేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది, రబ్బరు అంచున్నదే తీసుకోవాలి.

తర్వాత గది. బొగ్గు గని క్వార్టర్లలో మనకు దొరికేది ఏ పదికి పన్నెండు గదో. పన్నెండడుగుల గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర, పదడుగుల గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం నిలబడిపోయి గుమ్మంటుంది. అంటే కాళ్లతో వాయించే పదహారడుగుల పెడల్ వరుసలో ప్రతి మధ్యమం ఒకటి, చతుశ్రుతి ధైవతం ఒకటి మిగతావాటిని మింగేస్తాయి. గోడకు బొంతలు వేలాడదీస్తే పైస్వరాల కరుకుదనం తగ్గుతుంది కానీ, ఈ గుమ్మనడం తగ్గదు. అంత పొడవాటి అల బొంతను లెక్కచేయదు. సబ్‌ను మూల నుంచి జరిపి చూడాలి. ఆ తర్వాత ఆ రెండు స్వరాలనూ సాఫ్ట్‌వేర్‌లో విడిగా తగ్గించుకోవాలి.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే పనితనమంతా ఇక్కడే తేలుతుంది. హార్మోనియం బాగుచేసేవాళ్లు రీడు కొనను ఆకురాయితో రవ్వంత గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. గీకడం, బిగించడం, వినడం, మళ్లీ విప్పడం. పైప్ ఆర్గాన్ గొట్టాల పలుకు సరిదిద్దే వాయిసర్లు గొట్టం నోటి దగ్గర చేసేదీ ఇలాంటి పనే. ఇంట్లో డిజిటల్ ఆర్గాన్ పెట్టుకున్నవాడు కూడా స్పీకర్లన్నీ బిగించాక అంతే ఓపికగా కూర్చోవాలి. ఒక్క స్టాపు లాగి, అడుగు మెట్టు నుంచి పై మెట్టు దాకా ఒక్కో స్వరాన్ని విని, ఏది గది వల్ల ఉబ్బిందో, ఏది నలిగిందో చూసి, ఆ గొట్టం బలాన్నీ మెరుపునూ సరిదిద్దుకోవాలి. స్పీకర్లకు లక్షలు పోసి ఈ పని చేయనివాడి ఆర్గాన్ కంటే, నాలుగు చిన్న స్పీకర్లు పెట్టి ఈ పని చేసినవాడి ఆర్గాన్ బాగుంటుంది. స్పీకర్లను నేరుగా చెవులకు గురిపెట్టకుండా, ఎత్తుగా పెట్టి పైకప్పు వైపో గోడ వైపో కొంచెం తిప్పితే ధ్వని పెట్టెల్లోంచి కాక గాలిలోంచి వస్తున్నట్టుంటుంది.

కరెంటు విషయం క్లుప్తంగా చెబుతాను. స్పీకర్లు పెరిగేకొద్దీ ‘హమ్’ పెరుగుతుంది. అన్నిటికీ ఒకే ప్లగ్ పాయింటు నుంచి కరెంటు ఇవ్వాలి, బ్యాలెన్స్‌డ్ కేబుళ్లే వాడాలి. అన్నిటికంటే ముందు ఇంటి ఎర్తింగ్ చూసుకోవాలి. ఉప్పూ కట్టెబొగ్గూ వేసిన గొయ్యి ఎండిపోయి ఉంటే వేసవిలో నీళ్లు పోయాలి. ఎలుకలు వైరు కొరకకుండా గొట్టంలో నడపాలి.

పదికి పన్నెండు గదిలో మొదలుపెట్టేవారికి నా మాట ఇది. ఒక పెద్ద జత కోసం దాచిన డబ్బుతో ఒకే రకం చిన్న స్పీకర్లు నాలుగు, మూసిన పెట్టె సబ్ ఒకటి తీసుకోండి. మొదట ఫ్రీసాఖ్ లాంటి ఉచిత ఆర్గాన్‌తో నాలుగు మూలలూ విని చూసి, ఆ తర్వాత పొడి రికార్డింగుల వైపు వెళ్లండి. మీ చర్చి కమిటీ ఇంకో పెద్ద బాక్సు కొందామంటే, ఆ డబ్బుతో నాలుగు చిన్నవి కొని విడివిడిగా పెట్టించమని అడగండి. సౌండ్ కార్డు మాత్రం మొదటే ఎనిమిది అవుట్‌పుట్లున్నది కొనండి. స్పీకర్లను తర్వాత జత జతగా చేర్చుకోవచ్చు, కార్డును ముక్కలుగా కొనలేం.